పతకాల పట్టిక సాహిత్య ప్రమాణమా?

తెలుగు సినిమా సాహిత్యంపై పరిశోధన చేపట్టేవారు తమ పరిధిని ‘పురస్కారాలు పొందిన చిత్రాల’కు పరిమితం చేసుకోవడం తరచు కనిపిస్తుంది. ఎంపికకు ఏదో ఒక ఆధారం ఉండాలి కదా అన్నది వారి సమాధానం. ఉండవలసిందే. అయితే ఈ ఆధారం ఏర్పడింది సాహిత్యాన్ని తూచడానికి కాదు.

పట్టిక పుట్టుకను గమనిద్దాం. జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1953 నాటి చిత్రాలతో మొదలయ్యాయి. ఆ తొలి యేడు ప్రాంతీయ భాషలకు వేరుగా పతకాలు లేవు. మరుసటి యేటి చిత్రాలలో ‘పెద్దమనుషులు’ తెలుగుకు రాష్ట్రపతి రజత పతకం తెచ్చింది. రాష్ట్ర ప్రభుత్వపు నంది 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’తో ఆరంభమైంది. కనుక పతకాన్ని గీటురాయిగా పెట్టుకున్న సిద్ధాంత గ్రంథం ‘మాలపిల్ల’ (1938)ను, ‘మల్లీశ్వరి’ (1951)ని గడప బయటే నిలబెడుతుంది. పతకం లేని కాలమూ, పతకానికి తగని కాలమూ ఒకటేనా?

‘పల్నాటి యుద్ధం’ (1947) సంగతి చూడండి. నలగామరాజు ఏలిన గురజాల కథ అది. వీరవిద్యావంతులు పాడిన గాథ, శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద, సముద్రాల రాఘవాచార్య తెరరచన – ఒకే ఇతివృత్తం మూడు మాధ్యమాలలో ఎట్లా మారిందో పరిశీలించడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ అరుదు. గూడవల్లి రామబ్రహ్మం మరణించగా ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేసిన ఈ చిత్రానికి పట్టికలో చోటు లేదు, అప్పటికి పట్టికే లేదు గనుక.

పట్టిక ఏర్పడిన తరువాత మాత్రం ఒరిగిందేమిటి? 1957 చిత్రాలలో తెలుగు రజత పతకం ‘భాగ్యరేఖ’కు దక్కింది, ‘మాయాబజార్’కు కాదు. ‘తసమదీయులు’ వంటి మాటలను జనవ్యవహారంలోకి పంపిన పింగళి నాగేంద్రరావును ఆ కారణంగా వదిలివేయగలమా? పాటల రచనకు జాతీయ పురస్కారం 1968 చిత్రాలతో గాని రాలేదు. మల్లాది రామకృష్ణశాస్త్రి 1965లోనే కన్నుమూశారు. శ్రీశ్రీ 1950లో ‘ఆహుతి’కి పాటలు రాశారు, ఆయనకు ఆ గౌరవం దక్కింది 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’లోని పాటకు. నడుమ ఇరవై నాలుగేళ్ల రచనను ఏ ఖాతాలో వేయాలి?

పతకం పొందిన రచనకైనా న్యాయం జరుగుతున్నదని చెప్పలేను. ‘పెద్దమనుషులు’ నాటకకర్త డి.వి. నరసరాజుకు తొలి సినిమా. ఇబ్సెన్ నాటకపు ఛాయ అందులో ఉన్నదని అందరూ అంటారు. ఆ నాటకం తెలుగు పురపాలక రాజకీయంగా ఎట్లా రూపాంతరం చెందిందన్నది కదా అసలు ప్రశ్న! ‘రజత పతక విజేత’ అన్న విశేషణం ఆ విశ్లేషణకు బదులుగా నిలుస్తున్నది.

సినిమాహాళ్ల దగ్గర అణాల లెక్కన అమ్మిన పాటల పుస్తకాలలో కథాసంగ్రహం, పాటల పాఠం, రచయిత పేరు ఉండేవి. పలుచని ఆ కాగితాలు ఇళ్లలో పొడి అవుతున్నాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు వాటిని సేకరించాలి; 1954కు ముందువాటితో మొదలుపెట్టాలి.