ఆ పాత బోగీ చెప్పే పాఠం



వార్షికోత్సవం వచ్చిందంటే మన హాస్టల్లో సంకల్పాలకు కొదవ ఉండదు. పూర్వ విద్యార్థులు ప్రేమతో పుస్తకాలు తెస్తారు. మనం మొక్కలు నాటుతాం, ఫోటోలు దిగుతాం. మరుసటి వార్షికోత్సవానికి వాటిలో ఎన్ని మిగులుతున్నాయి? ఈ ప్రశ్న మాకు బ్రిటన్‌లోని ఒక పాత కరెంటు రైలు గురించి చదివినప్పుడు కలిగింది. దాన్ని కాపాడాలని బయలుదేరింది కూడా విద్యార్థులే.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో స్వాన్సీ, మంబుల్స్ ఊళ్ల మధ్య సముద్రపు ఒడ్డున ఒక రైలు నడిచేది. ప్రపంచంలో చార్జీ తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకున్న మొదటి రైలుగా దానికి పేరు. 1807లో దాన్ని గుర్రాలు లాగాయి. 1877లో ఆవిరి ఇంజన్, 1929లో కరెంటు వచ్చాయి. కరెంటు బోగీలు 13. మన హైదరాబాద్ ఎంఎంటీఎస్‌కు లాగే వాటికీ విడిగా ఇంజన్ అక్కర్లేదు. రెండంతస్తులు, ఒక్కోదానిలో 106 సీట్లు! ఆ మార్గాన్ని కొన్న బస్సు కంపెనీ 1960 జనవరిలో రైలును ఆపేసి, బస్సులు నడిపింది.

ఇనుప సామాన్ల కిందికి పోవాల్సిన ఆ బోగీల్లో 2వ నెంబరు దాన్ని ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయం వారు దక్కించుకున్నారు. ఆ ఊళ్లోనే మిడిల్టన్ రైల్వే అనే పాత బొగ్గు గనుల మార్గం ఉంది. 1812లోనే ఆవిరి ఇంజన్లు నడిచిన దారి అది. మూతబడబోతున్న ఆ మార్గాన్ని విద్యార్థులు, అధ్యాపకులు, రైలు అభిమానులు కలిసి 1960 జూన్‌లో జీతం లేకుండా నడపడం మొదలుపెట్టారు. మామూలు వెడల్పు పట్టాల మీద స్వచ్ఛంద కార్యకర్తలు నడిపిన మొదటి రైలు అదే. ఆ తొలి వారం జనం ఎక్కింది ఈ రెండంతస్తుల బోగీనే.

అయితే ఆ దారిలో కరెంటు తీగలు లేవు. దగ్గరలోని ఫ్యాక్టరీ నుంచి అద్దెకు తెచ్చిన డీజిల్ ఇంజన్ ఆ బోగీని లాగింది. రిటైరైన కరెంటు రైళ్లను కాపాడేవాళ్లకు ఉన్న పెద్ద చిక్కు ఇదే. ఆవిరి ఇంజన్‌కు బొగ్గు, నీళ్లు ఉంటే చాలు. కరెంటు బండికి దారి పొడుగునా కరెంటు కావాలి.

వారం గడిచింది. సంబరం ముగిసింది. ఆ తర్వాత ఆకతాయిలు ఆ బోగీని పాడుచేశారు. చివరికి అది మంటల్లో కాలిపోయింది. ఇప్పుడు ఆ 13 బోగీల్లో 7వ నెంబరు దాని ముందు భాగం మాత్రమే స్వాన్సీలో మిగిలింది.

"పాత ఇనుము కోసం ఇంత బాధ ఎందుకు?" అని కొందరు అడగవచ్చు. మేము ఒప్పుకోం. తాతలు ఎక్కిన బండిని మనవలు ఎక్కి చూడటం పుస్తకంలో బొమ్మ చూడటం లాంటిది కాదు. ఆ విద్యార్థులను తప్పుపట్టడం కూడా మా ఉద్దేశం కాదు. వాళ్లు నిలబెట్టిన మిడిల్టన్ రైల్వే నేటికీ నడుస్తోంది. ఫ్యాక్టరీల సరుకులు మోసింది, 1969 నుంచి మళ్లీ క్రమంగా ప్రయాణికులను ఎక్కించుకుంటోంది. నడిపేది ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తలే.

మార్గం ఎందుకు బతికింది, బోగీ ఎందుకు పోయింది? మార్గానికి పని ఉంది, పనికి మనుషులు వచ్చారు, మనుషులున్న చోట కాపలా ఉంది. బోగీకి ఒక్క వారమే పని. పని లేని వస్తువు ఎవరిదీ కాకుండా పోతుందని మా అభిప్రాయం.

మన దగ్గరా అంతే. బీరువాలో పెట్టి తాళం వేసిన పుస్తకానికి చెదలు పడుతుంది. చేతులు మారే పుస్తకం అట్ట చిరిగినా బతుకుతుంది. కాబట్టి ఈ వార్షికోత్సవానికి వచ్చే ప్రతి కానుకనూ ఆ రోజే వాడుకలో పెడదాం. దాని బాధ్యత ఈ ఏడాది వెళ్లిపోయే అన్నలకు కాక, ఇంకా మూడేళ్లు ఇక్కడే ఉండే తమ్ముళ్లకు అప్పగిద్దాం. పూర్వ విద్యార్థులకూ మాదొక మనవి: ఇచ్చి వెళ్లిపోకండి, వచ్చే ఏడాది వచ్చి "నేనిచ్చింది ఏదిరా?" అని అడగండి.

ఆరంభ శూరులమన్న పేరు మనకు వద్దు.