గృహవైద్యము: గుండె శస్త్రచికిత్స పిదప గాయరక్షణము



గుండెకు రక్తము గొనిపోవు నాళములు పూడినపుడు వైద్యులు బైపాస్ శస్త్రచికిత్స చేయుదురు. రొమ్మెముకను నిలువుగా కోసి, తఱచుగా కాలినుండి తీసిన సిరతో రక్తమునకు క్రొత్తదారి కల్పించి, యెముకను తీగెలతో బిగింతురు. రోగి రొమ్మున నొక గాయముతోను, కాలున నొక గాయముతోను ఇల్లు చేరును. ఎముక యతుకుటకు సుమారు 6 మొదలు 12 వారములు పట్టును. ఆ కాలమంతయు కాపుదల గృహిణిదే.

అరకులోయనుండి విశాఖపట్టణమునకు ఘాట్ మార్గమున 110 కిలోమీటర్లకు పైగా దూరము. బాటలేని గూడెములనుండి నేటికిని రోగులను డోలీలలో మోసి తెచ్చుచున్నారు. కావున కొండసీమ యిల్లాలికి జాగ్రత్త రెండింతలు వలయును.

కాపుదల శస్త్రమునకు ముందే మొదలుకావలెను. చుట్ట, బీడీ, అడ్డపొగ కనీసము నాలుగు వారములు ముందుగా మానిపింపుడు. పొగాకు గాయమును మాననీయదు. మధుమేహమును అదుపున నుంచుడు. ముందురాత్రి సబ్బుతో స్నానము చేయింపుడు. ఇంట మంగలికత్తితో రోమములు తీయింపకుడు. సన్నని గాట్లలో క్రిములు చేరును.

1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ప్రసవశాలలోని వైద్యులచేత క్లోరిను కలిపిన నీట చేతులు కడిగింపగా, బాలింతల మరణములు మిక్కిలి తగ్గెను. మనకును అదియే సూత్రము. గాయమును ముట్టుటకు ముందును పిదపను సబ్బుతో చేతులు కడుగుకొనుడు. పాడేరు పసుపు వంటకు శ్రేష్ఠమే. కుట్లపై మాత్రము పసుపుగాని ఆకుపసరుగాని పెట్టరాదు. పెద్దముత్తైదువ ప్రేమతోనే తెచ్చును. ఆ ప్రేమకు నమస్కరించి పసుపును వంటయింట నుంచుడు.

గాయము చుట్టు ఎఱుపు పెరిగినను, చీము కాఱినను, కుట్లు విడినను, జ్వరము 100.4 డిగ్రీలకు చేరినను, దగ్గునపుడు రొమ్మెముక కదలినట్లు తోచినను, ఆనాడే ఆసుపత్రికి గొనిపొండు. ఇల్లు చేరిన రెండు మూడు వారములకును ఈ చిహ్నములు పొడచూపవచ్చును. లోతునకు దిగిన చీము ప్రాణాంతకము. సంతనాడు పోవుదమని ఆగకుడు.

కాపుదల గృహిణిదే యంటిమి. రోగి గృహిణియే యైనచో? ఎముక యతుకువఱకు ఆమె నీళ్లబిందెను, కట్టెలమోపును ఎత్తరాదు. మగవారే యెత్తవలెను. ఈ మాట వారికి చదివి వినిపింపుడని మా మనవి.