పిల్లల్ని సరే, ముందు దళారుల్ని పట్టుకోండి

2024 నవంబరులో జె.డి. వాన్స్ అమెరికా ఉపాధ్యక్షుడిగా గెలిచినప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు చేశారు. ఆయన భార్య ఉష పూర్వీకులది ఆ ఊరు. "మన అల్లుడే!" అని మా తెనాలి వీధిలోనూ కొందరు మురిసిపోయారు. అల్లుడుగారు సెనేటరుగా ఉన్ననాటి నుంచీ పాడుతున్న పాట ఏమిటో వాళ్ళు విన్నారో లేదో మరి. సరిహద్దులు బిగించాలి, కాగితాలు లేనివాళ్ళని వెనక్కి పంపాలి అన్నదే ఆ పాట. ఆయన గద్దెనెక్కిన పదహారో రోజున, 2025 ఫిబ్రవరి 5న, సైనిక విమానంలో 104 మంది మనవాళ్ళని బేడీలు వేసి తెచ్చి అమృత్‌సర్‌లో దింపారు.

"ఎవరింటికి వాళ్ళు తాళం వేసుకుంటారు, తప్పేముంది?" అంటారు మావారు. తప్పని నేనూ అనను. కాకపోతే గుమ్మంలో దొరికిపోయేది ఎవరు, సందులోంచి జారుకునేది ఎవరు అన్నదే నా బాధ.

2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది గుర్తుందా? అందులో చేరిన వెయ్యిమందికి పైగా మన పిల్లల్లో ఎక్కువమంది ఆంధ్రావాళ్ళే. ఎక్కడికి వెళ్ళేదీ తెలియాలని కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారు. వెండి పట్టీలు పెట్టి మురిపెంగా పెంచుకున్న కాళ్ళమ్మా అవి! ఆ యూనివర్సిటీ నడిపినావిడకి 2014లో 16 ఏళ్ళకి పైగా జైలు పడింది. మరి ఇక్కడ కుర్చీ వేసుకుని కూచుని సీట్లు ఇప్పించినవాళ్ళ మాటేమిటి?

తర్వాత 2019 జనవరిలో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. ఇది మరీ విడ్డూరం. అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారులే వలగా పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. క్లాసులు లేవు, మాస్టార్లు లేరు, ఫీజు మాత్రం ఉంది. మొదటి విడతలో పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. క్లాసులే లేనిచోట చేరడం పిల్లల తప్పు కాదా అంటారు. కొందరు తెలిసే చేరి ఉంటారు, కాదనను. కానీ అక్కడ పిల్లల్ని చేర్పించిన ఎనిమిదిమంది దళారులు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. అంటే వాళ్ళ చట్టం వాళ్ళ దళారుల్ని పట్టుకుంది. మన చట్టం ఏం చేస్తున్నట్టు?

మా రేపల్లె పిన్ని మనవరాలి సంగతి చెప్తాను. కన్సల్టెన్సీవాళ్ళే బ్యాంకులో డబ్బు చూపించారు, కాగితాలన్నీ వాళ్ళే రాశారు. విమానం దిగగానే "నీ ఖాతాలో ఇంత డబ్బు ఎవరు వేశారు?" అని అడిగితే పిల్ల నీళ్ళు నమిలింది. తర్వాతి విమానమెక్కించి పంపేశారు. ఇక్కడ అడగబోతే, "వీసా వరకే మా పూచీ" అన్నారట! కొండవీటి చేంతాడంత ఫీజు లెక్క ఇచ్చినవాళ్ళు ఒక్క రసీదూ ఇవ్వలేదు. పిన్ని నానుతాడు ఇంకా తాకట్టులోనే ఉంది. ఆ పిల్ల ఒక్కతే అనుకోకండి. 2023 ఆగస్టులో ఒక్క రోజునే 21 మందిని అలా తిప్పి పంపారు, అందులో ఎక్కువమంది తెలుగు పిల్లలే.

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఏ బజారుకెళ్ళినా అమెరికా, ఆస్ట్రేలియా బోర్డులే. మందులషాపు పెట్టాలంటే లైసెన్సు కావాలి. గల్ఫుకి కూలీలని పంపే ఏజెంటు కూడా 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరు చేసుకోవాలి. చదువుకని పంపేవాడు మాత్రం ఆ చట్టం కిందికి రాడు. ఎందుకు రాడో నాకు అర్థం కాదు. పోగొట్టుకునేది కూలీ ఇంటి కంటే తక్కువేమీ కాదే! పంజాబువాళ్ళు 2012లోనే చట్టం చేసుకున్నారు. అక్కడ ట్రావెల్ ఏజెంటే కాదు, విదేశీ చదువుల కన్సల్టెంటు కూడా లైసెన్సు తీసుకోవాల్సిందే. దాంతో మోసాలన్నీ ఆగిపోయాయని కాదు, పోలీస్ స్టేషన్‌కి వెళ్తే కేసు రాయడానికి ఒక సెక్షనైనా ఉంది.

2024లో మనం గెలిపించిన ఎంపీలకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారు మన తెనాలి పక్క బుర్రిపాలెం బిడ్డ, డాక్టరుగా అమెరికా వెళ్ళి వ్యాపారం చేసి వచ్చినవారు. బాపట్ల ఎంపీ తెన్నేటి కృష్ణప్రసాద్ గారు ఐపీఎస్ చేసినవారు. ఒకరికి అమెరికా గుమ్మం తెలుసు, ఇంకొకరికి దొంగల పోకడ తెలుసు. పైగా ఆ 1983 చట్టం స్థానంలో కొత్తది తెస్తామని కేంద్రం 2025లో ముసాయిదా కూడా బయటపెట్టింది.

వాళ్ళు ఊళ్ళోకొచ్చినప్పుడు సన్మానం, శాలువా మగవాళ్ళు చూసుకుంటారు. మనం మాత్రం అడగాల్సింది అడుగుదాం. కన్సల్టెన్సీకి లైసెన్సు ఉండాలి, తీసుకున్న ప్రతి పైసాకీ రసీదు ఇవ్వాలి, దొంగకాగితాలు పెడితే పిల్లతోపాటు పెట్టించినవాడూ కోర్టు మెట్లెక్కాలి. దీనికి ఢిల్లీలో బిల్లు కావాలో అమరావతిలో కావాలో వాళ్ళే తేల్చి, ఎప్పటికి తెస్తారో తారీఖు చెప్పమందాం.