ప్రాక్సీ చెప్పొద్దు, ప్రాక్సీ నడుపుదాం



హాస్టల్లో ఉన్నవాళ్లకు 'ప్రాక్సీ' కొత్త మాట కాదు. స్టడీ అవర్లో హాజరు పిలిచినప్పుడు, సినిమాకు పోయిన దోస్తు బదులు గొంతు మార్చి "ఎస్ సార్" అనడమే ప్రాక్సీ. ప్రాక్సీ సర్వర్ చేసేదీ అదే. మన కంప్యూటర్ బదులు తాను ఇంటర్నెట్‌లోకి పోయి, అడిగింది తెచ్చి మన చేతిలో పెడుతుంది.

మరిపెడ లాంటి చోట హాస్టల్‌కు ఒక్క నెట్ కనెక్షన్ ఉంటే అందరూ దాన్నే పంచుకోవాలి. పదిమంది వీడియోలు పెడితే పదకొండో వాడికి స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా తెరుచుకోదు. స్టడీ అవర్లో వీడియో సైట్లు ఆపాలంటే ప్రాక్సీ ఒక మార్గం. అయితే దాన్ని బయటివాళ్లు పెట్టిపోవడం కాదు, విద్యార్థులే నడపాలన్నది నా అభిప్రాయం.

ఇందుకు ఖరీదైన సర్వర్ అక్కర్లేదు, పాత కంప్యూటర్ ఒకటి చాలు. 'టైనీప్రాక్సీ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కొద్ది ఎంబీల మెమరీతోనే నడుస్తుంది. దాన్ని కంటైనర్‌లో పెట్టాలి. కంటైనర్ అంటే మన ట్రంకు పెట్టె లాంటిది. హాలు అందరిదీ ఒకటే, కానీ ఎవరి సామాను వారి పెట్టెలో ఉంటుంది. ప్రాక్సీ పాడైతే ఆ ఒక్క పెట్టె తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు, మిగతా కంప్యూటర్ జోలికి పోనక్కర్లేదు. 2013లో వచ్చిన 'డాకర్' ఈ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఈ రోజు పెద్ద కంపెనీల్లో ఉద్యోగానికి అడిగే పని కూడా ఇదే.

ఒక జాగ్రత్త. పోర్టును హాస్టల్ లోపలి కంప్యూటర్లకు మాత్రమే తెరవాలి. లోకమంతటికీ తెరిస్తే ఎవడో చేసిన తప్పుడు పని మన చిరునామా మీద పడుతుంది.

"పిల్లల చేతికిస్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే" అనే పెద్దలుంటారు. మెస్ కమిటీలో బియ్యం, పప్పు లెక్క చూసే పిల్లలు దీని లెక్క చూడలేరా? పైగా అసలు భయం వేరే చోట ఉంది. ప్రాక్సీ నడిపేవాడికి ఎవరు ఏ సైట్‌కు పోయారో తెలుస్తుంది. తాళం గుర్తున్న సైట్లలో లోపలి మాటలు కనపడకపోయినా సైటు పేరు కనపడుతుంది. ఒక చెల్లెలు తన ఆరోగ్యం గురించి వెతుక్కుంటే, అది పదిమంది నోట్లో నానే సంగతి కాకూడదు. టైనీప్రాక్సీలో లాగ్ స్థాయిని 'వార్నింగ్' దగ్గర పెడితే ఎవరెక్కడికి పోయారో రాసి పెట్టదు. అలాగే పెట్టాలి. ఆపిన సైట్ల జాబితాను మాత్రం మెస్ మెనూ పక్కనే నోటీసు బోర్డు మీద అంటించాలి.

అన్నీ మూసేస్తే ఏమవుతుంది? పిల్లలు ఊరూ పేరూ తెలియనివాడి ఉచిత ప్రాక్సీ ఫోన్లో పెట్టుకుంటారు. అప్పుడు మన లెక్కంతా వాడి పుస్తకంలో ఉంటుంది.

అందుకే మెస్ కమిటీ లాగే ఒక నెట్ కమిటీ వేద్దాం. ఇద్దరు పెద్ద తరగతుల వాళ్లు, ఇద్దరు చిన్న తరగతుల వాళ్లు, నెలకోసారి మారాలి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులం ఒక్కో ఆదివారం వచ్చి నేర్పుదాం. మన తలుపుకు కాపలా మనమే ఉందాం, కానీ తోటివాళ్ల పెట్టెల్లోకి తొంగిచూడకుండా.