అసలైన హత్తాజోడి కావాలా?

మొన్న మా బచేలిలో ఒక తోటి ఉద్యోగి ఫోనులో ఒక ప్రకటన చూపించి, "ఇది ఒరిజినలేనా అండీ? ఇలాంటివి మీకు బాగా తెలుసు కదా" అని అడిగారు. నేను హేతువాదినని తెలిసే అడిగారు, మోసపోకుండా చూడమని!

ప్రకటన హత్తాజోడిది. నమస్కారం పెడుతున్న రెండు చేతుల్లా ఉండే నల్లటి "వేరు". సింధూరం, లవంగాలతో డబ్బాలో పెట్టి బీరువాలో ఉంచితే డబ్బు నిలుస్తుందట, కోర్టు కేసులు గెలుస్తామట. "బస్తర్ అడవుల నుంచి" అని కింద ఒక ముక్క. ఆ అడవుల మధ్యే కాపురముంటున్న మా బీరువాల్లో మాత్రం డబ్బు నిలవడం లేదు.

నా నోటికి మొదట వచ్చిన మాట "అంతా నకిలీ అండీ" అనే. తాయెత్తుల గురించి, మహిమ గల రాళ్ళ గురించి ఎన్నో ఏళ్ళుగా మనం చెబుతున్నది ఇదే. కానీ ఇక్కడ ఆ మాట పనికిరాదు. ఎందుకంటే అసలైన హత్తాజోడి ఉంది. అది వేరు కాదు. ఎండబెట్టిన మగ ఉడుము జననాంగం.

ఇది నా ఊహ కాదు. నేపాల్‌లోనూ మధ్యభారతంలోనూ పుణ్యక్షేత్రాల్లో దొరికే అరుదైన మొక్క వేరంటూ దీన్ని పెద్ద పెద్ద వెబ్‌సైట్లలోనే అమ్ముతున్నారని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ 2017లో బయటపెట్టారు. మాంచెస్టర్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే కొన్ని ఉడుమువి, కొన్ని అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మలు అని తేలింది.

ఇప్పుడు ఆలోచించండి. "నకిలీలున్నాయి జాగ్రత్త" అంటే కొనేవాడు ఏం చేస్తాడు? అసలుది వెతుక్కుంటాడు. ప్లాస్టిక్ ముక్క కొన్నవాడికి డబ్బులే పోతాయి. అసలుది కొన్నవాడి కోసం ఒక ఉడుము చస్తుంది. అంచేత, మోసగాడే ఇక్కడ నయం అని చెప్పాల్సిన విచిత్రమైన స్థితి మనది. మోసం సంగతి తర్వాత, ముందు అదేమిటో చెప్పాలి. నేను చెప్పగానే ఆయన ఫోను కాస్త దూరంగా జరిపి పట్టుకున్నారు.

మన దేశంలోని నాలుగు రకాల ఉడుములూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. అమ్మినవాడికే కాదు, కొన్నవాడికీ.

ప్రకటన కనబడితే మనవాళ్ళు చేసే మొదటి పని, దాన్ని నలుగురికీ పంపి నవ్వుకోవడం. ఉచితంగా ప్రచారం చేసినట్టే. బేరమాడి పట్టిద్దామనే ఉత్సాహమూ వద్దు. వెబ్‌సైటుకు ఫిర్యాదు చేసి ఊరుకున్నా చాలదు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటీసో అందితేనే వెబ్‌సైటుకు ఆ సంగతి "తెలిసినట్టు" లెక్క. కాబట్టి తేదీతో సహా స్క్రీన్‌షాట్, లింకు భద్రపరచి వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోకి పంపాలి. ఇలాంటి వ్యాపారం జరిగే 106 వెబ్‌సైట్లను గుర్తించామని 2016లో కేంద్రమంత్రి అనిల్ దవే పార్లమెంటుకు చెప్పింది ఆ బ్యూరో పనివల్లే. లేకపోతే ఏమవుతుంది? అడవిలో ఉడుమును పట్టిన గోండు కుర్రాడు జైలుకెళ్తాడు, దానికి వేరని పేరుపెట్టి అమ్మినవాడు ఇంకో పేరుతో ఇంకో ప్రకటన వేస్తాడు.

ఇదంతా విని మా మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా అత్తగారిచ్చింది ఒకటి దేవుడి గదిలో ఉందండీ" అన్నారు.

అసలుదో ప్లాస్టిక్‌దో నాకూ తెలియదు. అలాంటిది చేతికొస్తే 48 గంటల్లో అధికారులకు చెప్పాలంటుంది చట్టం. వీళ్ళింట్లో అది పన్నెండేళ్ళుగా ఉందట. అటవీశాఖ ఆఫీసుకి నేనూ తోడు వస్తానన్నాను. ఇంట్లో అడిగి చెబుతానన్నారు.