నీళ్లు పోసే చేతికే మందు

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధాశ్రమం. అందులో రెండు అంతస్తుల్లో ఉంటున్న పెద్దవాళ్లకు తలా ఒక చిన్న మొక్క ఇచ్చారు. ఒక అంతస్తువాళ్లతో ‘మీకు నచ్చిన మొక్కను తీసుకోండి. దాని బాగోగులు మీరే చూసుకోవాలి’ అన్నారు. గదిలో కుర్చీ ఎక్కడ వేసుకోవాలో, ఏ రోజు సినిమా చూడాలో కూడా వాళ్లనే తేల్చుకోమన్నారు. మరో అంతస్తువాళ్ల చేతికి మొక్క ఇచ్చి, ‘ఇది మీదే. నీళ్లు మాత్రం నర్సులు పోస్తారు’ అని చెప్పారు.

మూడు వారాలు గడిచాయి. మొక్క బాధ్యత తీసుకున్నవాళ్లలో నూటికి 93 మంది మునుపటికంటే మెరుగయ్యారు. నలుగురితో కలుస్తున్నారు, కబుర్లు చెబుతున్నారు, చురుగ్గా తిరుగుతున్నారు. నర్సులు నీళ్లు పోసిన అంతస్తులో మాత్రం నూటికి 71 మంది ఇంకాస్త నీరసించారు. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఈ పరిశోధన 1976లో అచ్చయింది. కుర్చీ, సినిమా విషయంలో దక్కిన స్వేచ్ఛకూ ఇందులో వాటా ఉంది. అయినా ఒక సంగతి మాత్రం తేలింది. పక్కన మొక్క ఉన్నంత మాత్రాన సరిపోదు. దానికి నీళ్లు ఎవరు పోస్తున్నారన్నదే అసలు విషయం!

ప్రపంచంలో చాలాచోట్ల ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, జైళ్లు, ప్రత్యేక పాఠశాలలు ఇప్పుడు ఈ సూత్రాన్నే వాడుకుంటున్నాయి. దాని పేరు హార్టికల్చరల్ థెరపీ. తెలుగులో చెప్పుకోవాలంటే ఉద్యాన చికిత్స.

పాత మాటే... కొత్త చదువు

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో డాక్టర్ బెంజమిన్ రష్ ఒకరు. మానసిక వ్యాధుల గురించి 1812లో ఆయన రాసిన పుస్తకంలో ఓ ఆసక్తికరమైన సంగతి ఉంది. ఆసుపత్రిలో కట్టెలు కొడుతూ, పొయ్యి రాజేస్తూ, తోటలో తవ్వుతూ ఉండే రోగులు తరచూ కోలుకుంటున్నారట. హోదా అడ్డొచ్చి ఏ పనీ ముట్టుకోని పెద్దింటివాళ్లు మాత్రం అక్కడే మగ్గిపోతున్నారట. ఆ తర్వాత 1879లో ఫిలడెల్ఫియాలోని ఫ్రెండ్స్ ఆసుపత్రి మానసిక రోగుల కోసం ఏకంగా ఓ గ్రీన్‌హౌస్ కట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి గాయాలతో తిరిగొచ్చిన సైనికుల ఆసుపత్రుల్లోకి తోటల సంఘాల స్వచ్ఛంద సేవకులు మొక్కలు పట్టుకుని వెళ్లారు. 1970ల్లో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ దీన్ని ఓ కోర్సుగా చెప్పడం మొదలుపెట్టింది. 1978లో బ్రిటన్‌లోనూ దీనికోసం ఓ సంస్థ పుట్టింది. దాని ఇప్పటి పేరు ‘థ్రైవ్’.

పెరట్లో మొక్కలు పెంచుకోవడానికీ, దీనికీ తేడా ఏమిటి? పెరట్లో మొక్క ఏపుగా పెరిగితే చాలు. చికిత్సలో మనిషి పుంజుకోవాలి. శిక్షణ పొందిన థెరపిస్టు ముందుగా ఒక్కొక్కరికీ ఒక లక్ష్యం పెట్టుకుంటారు. ఒకరికి వేళ్లకు పట్టు రావాలి. ఇంకొకరు పదిమందిలో నోరు విప్పాలి. మరొకరు పావుగంటసేపు ఒక్క పనిమీదే మనసు నిలపాలి. దానికి తగ్గ పని ఎంచుకోవడం, వారం వారం మార్పును రాసిపెట్టుకోవడం... ఇదంతా ఉంటేనే అది చికిత్స.

ఎవరికి ఏ పని?

పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినవాళ్ల సంగతే చూద్దాం. ప్లాస్టిక్ బంతిని రోజూ వందసార్లు నొక్కమంటే విసుగొస్తుంది. అదే చేతికి విత్తనాలిస్తే? మొదట చిక్కుడు గింజల్లాంటి పెద్దవి. వాటిని పట్టుకోవడం వచ్చాక ధనియాలు. ఆ తర్వాత తోటకూర విత్తనాలు. వేళ్లకు వ్యాయామం అవుతుంది, నాలుగు రోజుల్లో మొలకా కనిపిస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు వంగలేరు కాబట్టి మట్టినే వాళ్ల దగ్గరికి తెస్తారు. బల్లంత ఎత్తులో మడి కట్టి, కింద మోకాళ్లు పట్టేంత జాగా వదులుతారు. పట్టు తక్కువగా ఉన్నవాళ్లకు బొరిగె పిడికి గుడ్డ చుట్టి లావు చేసి ఇస్తారు.

మతిమరుపు వ్యాధితో బాధపడే పెద్దవాళ్లకు ముక్కే దారి చూపిస్తుంది. ఉదయం ఏం తిన్నారో గుర్తులేని మనిషి కూడా చిన్నప్పుడు పెరట్లో పీల్చిన వాసన తగిలితే పాత సంగతులు చెప్పడం మొదలుపెట్టవచ్చు. అందుకే వాళ్ల తోటల్లో వాసన వచ్చే ఆకులు, పూలు ఎక్కువగా పెంచుతారు. దారులు కూడా గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చేలా వేస్తారు. ఎటు నడిచినా గోడ అడ్డురాదు, దారి తప్పామన్న కంగారు ఉండదు.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు కుండీయే పలక. ముందు మట్టి, తర్వాత విత్తు, ఆ తర్వాత నీళ్లు. ఒకదాని తర్వాత ఒకటి చేయడం, ఓపిగ్గా ఎదురుచూడటం వాళ్లకు పెద్ద పాఠాలు. అందుకే త్వరగా మొలిచే మెంతులు, ముల్లంగి లాంటివాటితో మొదలుపెడితే మంచిది. మొదటి విత్తే మొలవకపోతే రెండోది నాటాలన్న ఉత్సాహం ఉండదు మరి!

జైలు గోడల లోపల...

శాన్‌ఫ్రాన్సిస్కో కౌంటీ జైల్లో కాథరిన్ స్నీడ్ కౌన్సెలర్‌గా పనిచేసేవారు. 1980ల మొదట్లో మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టారు. ఆ సమయంలో జాన్ స్టీన్‌బెక్ నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ చదివారు. మట్టితో బంధం ఉన్న మనిషికి ఆశ చావదన్న ఆలోచన ఆమె మనసులో నాటుకుపోయింది. కోలుకుని వచ్చాక జైలు ఆవరణలో పాడుబడిన పొలాన్ని ఖైదీలతోనే బాగుచేయించారు. పండిన కూరగాయలు నిరాశ్రయుల భోజనశాలలకు వెళ్లాయి. అప్పటిదాకా సమాజం దగ్గర లాక్కున్నవాళ్లన్న పేరే ఉన్నవాళ్లు మొదటిసారి సమాజానికి ఇచ్చేవాళ్లయ్యారు. విడుదలయ్యాక చేతిలో పనిలేక మళ్లీ పాత దారి పట్టకుండా, 1992లో బయట ‘ద గార్డెన్ ప్రాజెక్ట్’ మొదలుపెట్టారామె.

థెరపిస్టు ఎవరూ లేకుండానే ఈ మందు కనిపెట్టుకున్న ఖైదీ ఒకాయన ఉన్నారు. ఆయనే నెల్సన్ మండేలా. దక్షిణాఫ్రికాలోని పోల్స్‌మూర్ జైలు డాబా మీద, సగానికి కోసిన 16 నూనె పీపాల్లో మట్టి నింపి కూరగాయలు పండించారాయన. ఒక దశలో దాదాపు 900 మొక్కలు ఉండేవట. జైల్లో మనిషి చేతిలో ఉండే కొద్దిపాటి విషయాల్లో తోట ఒకటని ఆత్మకథలో రాసుకున్నారు.

మన దగ్గరా దీని ఛాయలున్నాయి. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో మానసిక రోగుల పునరావాస విభాగంలో తోటపనికి చోటుంది. చర్లపల్లి, అనంతపురం దగ్గర ఖైదీల వ్యవసాయ క్షేత్రాలున్నాయి. అయితే పంట కోసం చేసే సేద్యం వేరు, ఒక్కో మనిషికీ లక్ష్యం పెట్టుకుని చేయించే చికిత్స వేరు.

నిజంగా పనిచేస్తుందా?

పెన్సిల్వేనియాలోని ఓ ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులను రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు పోల్చి చూశారు. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్లారు. ఇటుక గోడ కనిపించిన 23 మందికి 8.70 రోజులు పట్టింది. చెట్లు చూసినవాళ్లకు ఘాటైన నొప్పి మందుల అవసరమూ తగ్గింది. 1984లో వచ్చిన ఈ ఫలితాలు ఆసుపత్రులు కట్టేవాళ్లను ఆలోచింపజేశాయి.

చూస్తేనే ఇంత మేలుంటే, చేస్తే? 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు 30 మంది తోటమాలులకు మొదట ఒత్తిడి కలిగించే పరీక్ష పెట్టారు. తర్వాత సగం మందిని అరగంట తోటపని చేయమన్నారు, మిగతా సగాన్ని లోపల కూర్చుని చదువుకోమన్నారు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఇద్దరిలోనూ తగ్గింది. కానీ తోటపని చేసినవాళ్లలో ఎక్కువగా తగ్గింది. వాళ్ల మనసు మళ్లీ మామూలు స్థితికి వచ్చింది కూడా.

అయితే ఇవన్నీ కొద్దిమంది మీద చేసిన పరిశోధనలే. వృద్ధాశ్రమంలో పరిశోధన చేసిన ఆ ఇద్దరూ 18 నెలల తర్వాత మళ్లీ వెళ్లి, మొక్కలు పెంచినవాళ్లలో మరణాలు తక్కువని ప్రకటించారు. తర్వాత ఆ లెక్కలో దొర్లిన పొరపాటును వాళ్లే సరిదిద్దుకున్నారు. తేడా అనుకున్నంత గట్టిది కాదని తేలింది. కాబట్టి తోటపని వస్తే మాత్రలు మానేయొచ్చనుకోవడం పొరపాటు. ఇది వైద్యానికి తోడు... అంతే.

ఇంట్లో మొదలుపెడితే...

ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోతే పిల్లలు ప్రేమకొద్దీ ఒక్కో పనీ లాగేసుకుంటారు. ‘మీకెందుకు నాన్నా, మీరు కూర్చోండి’, ‘వద్దత్తయ్యా, నేను చేస్తాగా’ అంటుంటారు. కాఫీ చేతికొస్తుంది, మాత్రలు చేతికొస్తాయి. కొన్నాళ్లకు ఆ మనిషి అవసరం ఇంట్లో ఎవరికీ లేకుండా పోతుంది. ఆ వెలితి ఏ రక్తపరీక్షలోనూ కనబడదు.

పెరడే ఉండాలని లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండు కుండీలు చాలు. ఒకదాంట్లో మెంతులు చల్లండి. వారం తిరక్కుండా పచ్చదనం కనిపిస్తుంది. రెండోదాంట్లో బచ్చలితీగ గానీ, మరువం గానీ. ఏ మొక్క కావాలో పెద్దవాళ్లనే అడగండి. కుండీలను స్టూలు మీద పెడితే వంగే పని ఉండదు. చిన్న చెంబు అందుబాటులో ఉంచండి.

జాగ్రత్తలూ అవసరమే. మధుమేహం ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా మట్టిలోకి దిగకూడదు. చిన్న గాయమే పెద్ద పుండవుతుంది. ఏదైనా నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలు, మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు తిరిగేచోట గన్నేరు, ఉమ్మెత్త ఉండకూడదు. అవి విషం. కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారికి ఎండ పడదు కాబట్టి పొద్దున్నే పని ముగించాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు మట్టి ముట్టుకునేముందు డాక్టరును అడగాలి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిస్తే దోమలు చేరతాయి.

అన్నిటికంటే కష్టమైన జాగ్రత్త ఇంకొకటుంది. పెద్దాయన ఒకరోజు నీళ్లు పోయడం మర్చిపోతారు. ఆకులు వాడతాయి. అది చూసి ఎవరూ చెంబు పట్టుకుని పరుగెత్తకూడదు. ‘నాన్నా, మీ బచ్చలి ఎలా ఉందో చూశారా?’ అని అడిగితే చాలు. ఆయన లేచి బాల్కనీదాకా వెళ్తారు. ఆ నాలుగడుగుల కోసమే కదా కుండీ పెట్టింది!