రోగి మంచము చెంత పాఠము



పట్టము పొందిన పిమ్మట వైద్యునకు చదువు ముగిసినదని మనము తలంతుము. అది నిజము కాదు. ఎం.బి.బి.ఎస్. ముగించి ఎం.డి., ఎం.ఎస్. చదువువారు మూడేండ్లు ఆసుపత్రియందే పనిచేయుచు నేర్చుకొందురు. వీరినే రెసిడెంటు డాక్టర్లందురు. పెద్ద వైద్యుని వెంట మంచము మంచమునకు తిరుగుట, రోగి వృత్తాంతమును తోటివారి యెదుట వివరించి ప్రశ్నలకు బదులిచ్చుట, వైద్యపత్రికలలోని క్రొత్త వ్యాసములను చర్చించుట, చేసిన పనులను లాగ్‌బుక్కున వ్రాయుట, ఒక పరిశోధనగ్రంథమును సమర్పించుట - ఇవి వారి పాఠములు.

శాస్త్రము చదివియు చేతిపని యభ్యసింపనివాడు చికిత్సకు తగడని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. శిష్యుడు ముందుగా సొర, దోస మున్నగు కాయలను కోసి చేయి కుదుర్చుకొనవలెనట! కాని కాయకు సిగ్గు లేదు, భయము లేదు. మనుష్యునకు కలవు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

మా వీథిలోని యొక యిల్లాలికి తోడుగా మేమొక ఆసుపత్రికి పోయితిమి. అరడజను యువవైద్యులు ఆమె మంచము చుట్టు నిలిచిరి. పెద్ద వైద్యుడు ఆమెనొక్కమాటయైన నడుగక, ఆమె వ్యాధిని పాఠముగా చెప్పసాగెను. ఆమె సిగ్గుచే కుంచించుకొనిపోయి, నెలల తరబడి యగుచున్న రక్తస్రావమును దాచిపెట్టెను. సాయంకాలమున వారిలోని యొక చిన్నది యొంటరిగా వచ్చి, ప్రక్కన గూర్చుండి, "ఏమైతుందమ్మా?" అని యడిగెను. అంతట నీమె సర్వము చెప్పెను. మరునాడు చికిత్సయే మారిపోయెను. ఆనాటి పాఠములలో ఏది గొప్పదో మీరే యోచింపుడు.

2020లో వచ్చిన నియమముచే ఈ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయవలసియున్నది. మా జిల్లాకేంద్రమగు నాగర్‌కర్నూలున 2022లో వైద్యకళాశాల వెలసినది. కావున అచ్చంపేటవారమగు మాకు ఈ చదువు దూరపు ముచ్చట కాదు. నల్లమలలోని పెంటనుండి నడచివచ్చిన చెంచు తల్లి యేమి తినునో, ఏల యాలస్యముగా వచ్చినదో పట్టణపు గ్రంథములు చెప్పవు, ఆమెయే చెప్పవలెను.

కావున విద్యార్థులు వచ్చినపుడు వారిని కసరి పంపకుడు. తెర వేయుమని, స్త్రీ నొకతెను తోడుంచుమని యడుగుటకు వెనుదీయకుడు. ఇష్టము లేనిచో కాదనుటయు మన హక్కే. కాని బాధను మాత్రము దాపకుడు. నేడు మన మంచము చెంత నేర్చినవారే రేపు మన బిడ్డల నాడి పట్టుదురు. గురువులును, ముందు రోగి యనుమతి నడుగుటయే తొలి పాఠముగా నేర్పుదురుగాక!